బీరపూలు బతుకమ్మకు తెంపితే కాయలు తగ్గుతాయా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఊరు. ఇంటి వెనక చెల్క నేలలో మే మొదటి వారంలో రెండు గుంతల్లో బీర గింజలు పెట్టాం. తీగ పందిరంతా పాకింది. మూడు వారాల నుంచి గుత్తులు గుత్తులుగా పూలు పూస్తున్నాయి, తెల్లారి పొద్దెక్కేసరికి వాడి రాలిపోతున్నాయి. కాయ మాత్రం లేదు. వచ్చిన ఒకటీ అరా పిందెలు వేలెడు కాకముందే పండుబారి రాలుతున్నాయి. నాలుగైదు పెరిగినా వంకర తిరిగాయి, కోస్తే లోపల తెల్ల పురుగులు. రోజూ బోరు నీళ్లు పెడుతున్నాం, పదిహేను రోజులకోసారి గుంతకు గుప్పెడు యూరియా వేస్తున్నాం. పూల దగ్గర చీమలు కూడా ఉన్నాయి. బతుకమ్మకు ఇంటి బీరపూలు పెట్టాలని మా అత్తమ్మ ఆశ. పూలు తెంపితే ఆ కాసిన్ని కాయలూ రావని మా ఆయన అంటున్నారు. ఈ తీగను పీకేసి కొత్తది పెట్టాలా? ఇంట్లో దాచిన గింజలు పనికొస్తాయా?

సమాధానం: తీగను పీకకండి. పూల సంగతిలో మీ అత్తమ్మ ఆశ తీరుతుంది, మీ ఆయన భయమూ తీరుతుంది. మగపూలను మాత్రమే, అదీ తెల్లవారిన తర్వాత తెంపితే ఒక్క కాయ కూడా తగ్గదు. ఎందుకంటే బీరపువ్వు పని రాత్రిపూట జరుగుతుంది.

గుమ్మడి, దోస, నేతిబీర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. బీర అలా కాదు. సాయంత్రం ఐదు తర్వాత విచ్చుకోవడం మొదలై ఏడెనిమిది గంటలకల్లా పూర్తిగా తెరుచుకుంటుంది, రాత్రంతా అలాగే ఉండి మర్నాడు ఎండ పడగానే ముడుచుకుంటుంది. చీకటిపడే వేళ తిరిగే రెక్కల పురుగులు, పొద్దుగూకే ముందు, తెల్లారగట్ల వచ్చే తేనెటీగలు పుప్పొడిని ఆడపువ్వుకు చేరుస్తాయి. కాబట్టి ఉదయం తొమ్మిదింటికి వాడి వేలాడే పువ్వును చూసి తీగకు తెగులు వచ్చిందనుకోకండి. దాని గడువు తీరింది, అంతే.

బీరతీగకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ఆకు మొదట్లోంచి పొడవాటి కాడ వచ్చి, దాని కొసన గుత్తిగా మొగ్గలుంటే అవి మగవి. అదే గణుపు దగ్గర ఒంటరిగా, పువ్వు కింద గీతలు దేలిన చిన్న పిందెతో వచ్చేది ఆడది. పూసిన ప్రతి పువ్వూ కాయ కావాలని చూస్తే నిరాశే మిగులుతుంది. బాగా పెరిగిన తీగ మీద కూడా ఒక ఆడపువ్వుకు ఎన్నో మగపూలుంటాయి. మీ తీగ మీద ఆ లెక్క ఇంకా ఎక్కువగా మగవైపు మొగ్గింది. దానికి కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

మొదటిది, విత్తిన కాలం. మేలో పెట్టిన గింజ లేత మొక్కగా ఉన్నప్పుడే నల్లగొండ ఎండను, సంవత్సరంలోకెల్లా పొడుగైన పగళ్లను చూసింది. వేడి ఎక్కువ, పగలు పొడుగు అయితే బీర మగపూలనే ఎక్కువగా వేస్తుంది. వానలు పడి గాలి చల్లబడి పగలు తగ్గుతున్న కొద్దీ ఆడపూలు పెరుగుతాయి. రెండోది యూరియా. గుప్పెడంటే యాభై గ్రాములకు తక్కువ ఉండదు. ఇప్పటికి మూడు నాలుగు సార్లు వేసి ఉంటారు. నత్రజని ఎక్కువైతే తీగ ఆకు మీదికి, కొస మీదికి పోతుంది, ఆడపూలు ఆలస్యమవుతాయి. పందిరి నిండా నల్లగా నిగనిగలాడే ఆకులుండి కాయ లేకపోవడం దాని గుర్తే. యూరియా ఈ రోజే ఆపేయండి. మళ్లీ వేయాల్సిన పని లేదు.

ఇక రాలిపోయే పిందెలు. ఇక్కడ రెండు వేరువేరు బాధలున్నాయి, రెండింటినీ ఒకటిగా చూసి మందు కొడితే డబ్బు దండగ. రాలిన పిందెను చేతిలోకి తీసుకుని చూడండి. తోలు మీద ఎక్కడా చుక్కగానీ బంకగానీ లేకుండా, కొస నుంచి పసుపెక్కి మెత్తబడి పూసిన మూడు నాలుగు రోజుల్లో రాలిందంటే దానికి పుప్పొడి అందలేదు. ఒకచోట సూదితో గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు బొట్టు, అక్కడి నుంచి వంకర తిరగడం కనిపిస్తే అది పండు ఈగ పని. మీకు రెండూ ఉన్నాయి.

పుప్పొడి అందని దానికి చేత్తో అద్దడమే తేలికైన విరుగుడు. సాయంత్రం ఆరు, ఏడు మధ్య పందిరి కిందికి వెళ్లండి. అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో తెంపి, దాని రేకులను వెనక్కి విరిచేయండి. మధ్యలో పసుపు పొడితో కేసరాలు మిగులుతాయి. వేలితో తాకితే పొడి అంటాలి, అంటకపోతే ఇంకో పావుగంట ఆగండి. ఆడపువ్వు మధ్యలో మూడు తమ్మెలుగా ఉన్న జిగట భాగం ఉంటుంది. మూడింటికీ పొడి తగిలేలా మెల్లగా అద్దండి. ఒక వైపే తగిలితే కాయ ఆ వైపే నిండి వంకర పోతుంది. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అద్దిన కాడకు దారం ముక్క కట్టుకుంటే ఏది నిలిచిందో తెలుస్తుంది. వానకు తడిసిన పుప్పొడి పనిచేయదు. వాన వచ్చేలా ఉంటే సాయంత్రం నాలుగింటికే, ఆ రోజు విచ్చుకోబోయే నాలుగైదు మగమొగ్గలను తెంపి ఇంట్లో తడిగుడ్డ మీద ఉంచుకోండి. సాయంత్రం కుదరకపోతే తెల్లారగట్ల, పువ్వు ముడుచుకోక ముందే అద్దవచ్చు. పిందె నిలిస్తే మూడో రోజుకు ముదురు ఆకుపచ్చకు తిరిగి కిందికి వంగుతుంది.

పండు ఈగ విషయంలో మాత్రం ఓపిక కావాలి. ఆడ ఈగ లేత కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగులు పుట్టి లోపలి గుజ్జు తింటాయి, కాయ కుళ్లి రాలాక మట్టిలోకి దిగి గూడు కడతాయి, ఈగలై మళ్లీ పైకి వస్తాయి. వేడి, తేమ రెండూ ఉన్న రోజుల్లో ఈ చుట్టు మూడు వారాల్లోపే పూర్తవుతుంది. పురుగు కాయలో ఉండగా పైన కొట్టిన మందు దానికి తగలదు. అందుకే చుట్టును మట్టి దగ్గర, కాయ దగ్గర తెంపాలి. వంకర కాయలు, రాలిన పిందెలు ఏ రోజుకా రోజు ఏరి ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా ముడేసి వారం రోజులు ఎండలో పడేయండి, లేదా మూత ఉన్న బకెట్ నీళ్లలో మూడు రోజులు ముంచి ఉంచండి. పెంటకుప్పలో వేశారంటే అక్కడి నుంచే ఈగలు లేచి వస్తాయి. పందిరి కింది మట్టిని వారానికోసారి రెండంగుళాల లోతు మాత్రమే గీరండి. అంతకన్నా లోతుకు పోతే పైపైన పరుచుకున్న వేర్లు తెగుతాయి. ఇంట్లో కోళ్లుంటే గీరిన వెంటనే అటు వదలండి, గూళ్లను ఏరుకుని తింటాయి.

ఈగలను రప్పించి పట్టే ఎర బుట్ట కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. మామిడి తోటలకు అమ్మే మిథైల్ యూజినాల్ ఎరకు బీరను పాడుచేసే ఈగ రాదు. దీనికి క్యూలూర్ ఎర కావాలి. దుకాణంలో ‘పండు ఈగ బుట్ట’ అని మాత్రమే అడిగితే చాలాసార్లు మామిడిదే చేతిలో పెడతారు. తీగజాతి కూరగాయలకు అని చెప్పి, లోపలి ఎర బిళ్ల మీద పేరు చదివి తీసుకోండి. మీ పందిరికి ఒక బుట్ట చాలు. నీడలో, కాయలుండే ఎత్తులో వేలాడదీయండి, ప్యాకెట్ మీద రాసిన గడువుకు బిళ్ల మార్చండి. ఇందులో మగ ఈగలు మాత్రమే పడతాయి. కాయలు ఏరకుండా బుట్ట ఒక్కటే కడితే ఫలితం సగం కూడా ఉండదు. పెరటికి అన్నిటికన్నా నమ్మకమైనది కాయకు సంచి తొడగడం. పుప్పొడి అద్దిన రెండో రోజు, పువ్వు వాడిపోగానే, పాత దోమతెర గుడ్డతో అడుగున్నర పొడవు సంచి కుట్టి వదులుగా తొడిగి కాడ దగ్గర దారంతో కట్టండి. గుడ్డ కాయకు అతుక్కుంటే దాని పైనుంచే ఈగ గుచ్చుతుంది, అందుకే వదులుగా ఉండాలి. పది కాయలు తొడిగితే పదీ చేతికొస్తాయి.

చీమల గురించి కంగారు వద్దు. బీర మొగ్గల కింద ఉండే చిన్న ఆకుల మీద తేనె ఊరే చుక్కలుంటాయి, చీమలు వాటి కోసం వస్తాయి, పువ్వును గానీ పిందెను గానీ తినవు. చీమల పొడి చల్లితే సాయంత్రం వచ్చే తేనెటీగలు చస్తాయి, ఉన్న కాయలూ పోతాయి. ఆకుల అడుగున జిగట, నల్లగా పచ్చగా పేను కనిపిస్తే అప్పుడు మాత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. ఏ కూరగాయకైనా సాయంత్రం మందు కొట్టమని చెబుతారు. బీరకు అది తప్పు వేళ, పువ్వు విచ్చుకునేదీ తేనెటీగలు వచ్చేదీ అప్పుడే. ఉదయం ఏడెనిమిది మధ్య, ఎండ ముదరకముందు, పూల మీద పడకుండా కొట్టాలి.

ఇప్పుడున్న తీగకు చేయాల్సింది ఇంకా కొంత ఉంది. పందిరి కింద నేలకు ఆనుకున్న ముదురు, పండిన ఆకులు తీసేయండి. ఆకులు దట్టంగా మూసుకున్నచోట అయిదారు పక్క కొమ్మలను మొదలుకు కత్తిరిస్తే గాలి ఆడుతుంది, పూలు పురుగులకు కనిపిస్తాయి. పెద్ద తీగ కొసలను నాలుగు వేళ్ల పొడవు గిల్లండి. పక్క నుంచి వచ్చే కొత్త కొమ్మల మీద ఆడపూలు ఎక్కువగా వస్తాయి. గుంతకు 20 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మొదలుకు అడుగు దూరంలో వేసి నీళ్లివ్వండి. ఆగస్టులో కాయలు చూస్తారు. కానీ బతుకమ్మ దాకా ఈ తీగ మీద ఆశ పెట్టుకోవద్దు. బీర నాలుగైదు నెలల తీగ, సెప్టెంబరు దాటేసరికి మోడుబారుతుంది. ఎంత ఎరువు వేసినా దాన్ని మళ్లీ లేతగా చేయలేం. పండుగకు వేరే తీగ పెట్టుకోవాలి.

గింజ పెట్టిన నలభై, నలభై అయిదు రోజులకు పూత మొదలవుతుంది. అరవై రోజుల నుంచి ఎనభై తొంభై దాకా పూత నిండుగా ఉంటుంది. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. అమావాస్య సెప్టెంబరు చివర్లో పడే ఏడు పునర్వసు కార్తెలో, అంటే జూలై రెండో మూడో వారాల్లో గింజ పెట్టాలి. అధికమాసం వచ్చి పండుగ అక్టోబరులోకి జరిగే ఏడు పుష్యమి కార్తెలో, జూలై చివర్లో పెట్టినా సరిపోతుంది. క్యాలెండర్‌లో అమావాస్య చూసుకుని అక్కడి నుంచి 65, 70 రోజులు వెనక్కి లెక్క వేయండి. ఒక గుంతలో ఆ రోజు, ఇంకో గుంతలో పది రోజుల తర్వాత పెడితే ఏదో ఒకటి తప్పక అందుతుంది.

పాత గుంతల్లో మళ్లీ పెట్టవద్దు, ఈగ గూళ్లు, వేర్లకు ముడులు వేసే నులిపురుగులు అక్కడే ఉంటాయి. కొత్తగా అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయండి. గుంతకూ గుంతకూ అయిదడుగులు ఎడం ఉండాలి. చెల్క మట్టిలో నీరు నిలవదు కాబట్టి పెంట ఎరువు ధారాళంగా పడాలి. బాగా చివికిన ఎరువు అయిదారు కిలోలు, వేపపిండి పావుకిలో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 గ్రాములు, పొటాష్ 20 గ్రాములు పైమట్టిలో కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేడికి గింజ కుళ్లుతుంది, చెదలూ పడతాయి. రేగడి నేల ఉన్నవాళ్లయితే గుంతను నేలకన్నా అరడుగు ఎత్తు కట్టుకోవాలి, లేకుంటే ఒక్క ముసురుకే మొదలు కుళ్లుతుంది. నేల లేనివాళ్లు డాబా మీద అడుగున్నర లోతు సంచిలో ఒక్క మొక్క పెంచవచ్చు, రోజూ నీళ్లు తప్పవు. గుంత చుట్టూ నాలుగైదు బంతి మొక్కలు నాటండి. వాటి వేర్లు నులిపురుగును అణుస్తాయి, బంతిపూలు ఎలాగూ బతుకమ్మకు కావాలి.

గింజ తోలు గట్టిది. ఒక రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తేలినవి తీసేసి, మునిగినవి తడి గోనెగుడ్డలో ఒక రోజు కట్టి ఉంచితే మొలక తెల్లగా కనిపిస్తుంది. గుంతకు నాలుగు గింజలు, వేలి కణుపంత లోతు మించకుండా పెట్టండి. వారంలో మొలుస్తాయి. రెండు నిజమైన ఆకులు వచ్చాక బలమైనవి రెండు ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి. పీకితే ఉన్నవాటి వేర్లు కదులుతాయి. జగిత్యాల లాంగ్ మన తెలంగాణ నేలలకు నప్పిన రకం, కాయ పొడవు. అర్క సుమీత్, పూసా నస్దార్ కూడా మంచివే. ప్యాకెట్ మీద గడువు చూసి కొనండి. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఏది మీకు దగ్గరైతే అక్కడ విత్తనం గురించి, క్యూలూర్ బుట్ట గురించి ఒకసారి అడిగి చూడండి.

మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకుల మీద ఒక్కసారి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. మూడంటే మూడే గ్రాములు, తూచి వేయండి. ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి. యూరియా ఈసారి గుంతకు 25 గ్రాముల చొప్పున రెండే సార్లు, గింజ పెట్టిన నెలకు మొదటిది, పూత మొదలయ్యాక రెండోది. ఆ తర్వాత ఆకు ఎంత లేతగా ఉన్నా చేయి వెనక్కి తీసుకోండి.

మొలిచిన మొదటి పదిహేను రోజులు ఎర్రటి పెంకు పురుగులు ఆకులను జల్లెడ చేస్తాయి. పొద్దున్నే చలికి మందంగా ఉంటాయి, చేత్తో పట్టి సబ్బు నీళ్లలో వేయవచ్చు. తడి ఆరాక ఆకుల మీద పలుచగా కట్టెల బూడిద చల్లితే కొంత ఆగుతాయి. వీటి పిల్ల పురుగులు మట్టిలో వేర్లను తింటాయి కాబట్టి గుంతలో వేసిన వేపపిండి అక్కడ కూడా అక్కరకొస్తుంది.

పందిరి ఆరడుగుల ఎత్తు చాలు. అంతకన్నా ఎత్తుంటే సాయంత్రం పుప్పొడి అద్దడానికి స్టూలు ఎక్కాల్సి వస్తుంది. నాలుగు గుంజలు, పైన ఇనుప (జి.ఐ.) తీగను రెండడుగుల గళ్లుగా లాగి, మధ్యలో కందికట్టె పరచండి. పత్తికట్టె దగ్గర్లో దొరుకుతుంది గానీ వాడకండి, ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి చేలకు చేరుతుంది. మొలకకు పురికొస కట్టి పందిరికి లాగండి. పందిరి చేరేదాకా పక్క కొమ్మలు గిల్లేసి ఒక్క తీగనే పైకి పోనివ్వండి, చేరాక కొస గిల్లి నాలుగు వైపులా పాకనివ్వండి. కాయలు కిందికి వేలాడేలా ఉంటేనే తిన్నగా సాగుతాయి. కట్టె మీద ఆనుకుని పెరిగిన కాయ వంకర పోవడాన్ని చాలామంది తెగులనుకుంటారు.

మీరు రోజూ పెడుతున్న బోరు నీళ్లను ఒకసారి గమనించండి. మన వైపు చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ. పాదులో తెల్లటి పొర కట్టడం, ముదురు ఆకుల అంచులు గోధుమ రంగులో మాడడం దాని గుర్తులు. అలా ఉంటే వాన నీళ్లు పట్టి వాడండి. వాన పడ్డ రోజు పాదు నిండా నీరు పారనిస్తే ఉప్పు కిందికి దిగుతుంది. నీటి ఫిల్టరు వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది, వాటిని తీగకు పోయవద్దు. వానాకాలంలో రోజూ నీళ్లు అక్కర్లేదు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించితే తడి తగలాలి, తగలకపోతే గుంతకు ఒక బకెట్. కానీ పూత మొదలయ్యాక ఒక రోజు ఎండగట్టి, మరునాడు ముంచెత్తడం పనికిరాదు, పిందెలు రాలతాయి. మొదట్లో ఎండుగడ్డి పరిస్తే తడి నిలకడగా ఉంటుంది.

ముసురు రోజుల్లో ఆకు మీద ఈనెల మధ్య కోణాలుగా పసుపు మచ్చలు, అడుగున బూజు కనిపిస్తే ఆ ఆకులు తెంపి కాల్చండి. ఆగకపోతే లీటరు నీటికి మాంకోజెబ్ అనే బూజు మందు 2.5 గ్రాములు కలిపి కొట్టండి. డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయకూడదు, ఆ పూలు పండుగకూ వాడకూడదు. ఆకుల మీద తెల్ల పొడి పేరుకునే బూడిద తెగులుకు చాలా పంటల్లో గంధకం కొడతారు. తీగజాతి మీద గంధకం పడితే ఆకులు మాడిపోతాయి, దాని జోలికి పోవద్దు. ఆకులు పసుపు, ఆకుపచ్చ మచ్చలతో ముడతలు పడి కొస కురచబడితే అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి మందు లేదు, ఆ మొక్కను పీకి కాల్చడమే. పక్క గుంత బతుకుతుంది.

ఇక పూలు తెంపే తీరు. గుత్తిలో మొగ్గలు మొదలు నుంచి కొసకు వరసగా, రోజుకు సాధారణంగా ఒకటి రెండు విచ్చుకుంటాయి. గుత్తి మొత్తం లాగేస్తే పది పదిహేను రోజుల పూలు ఒక్క పూటలో పోతాయి, అదే గణుపు నుంచి రావాల్సిన ఆడపువ్వు కూడా దెబ్బతింటుంది. విచ్చిన పువ్వునొక్కదాన్నే, దాని సన్న కాడతో గోటితో గిల్లండి. తెల్లవారుజామునే లేచి, వెలుతురు వచ్చాక, సూర్యుడు రాకముందే తెంపాలి. రాత్రి పని అయిపోయిన మగపువ్వు ఎలాగూ పొద్దెక్కితే రాలిపోయేదే. కింద పిందె ఉన్న పువ్వు మీద మాత్రం చేయి వేయవద్దు, వాడినట్టు కనిపించినా రేకులు లాగవద్దు.

బీరపువ్వు రేకు పలుచన, గంటలో వడలుతుంది. తెంపగానే వెడల్పాటి గిన్నెలో తడిగుడ్డ పరిచి పూలను ఒకే వరసగా పెట్టి, పైన ఇంకో తడిగుడ్డ కప్పి ఇంట్లో నీడన ఉంచండి. ఒకదాని మీద ఒకటి పోస్తే నలిగి నల్లబడతాయి. ఎంత జాగ్రత్త చేసినా సాయంత్రానికి పొద్దున్న ఉన్నంత విప్పుగా ఉండవు, అందుకే వీటిని తంగేడు, గునుగు వరసల మధ్య ఇరికించి పేర్చండి, ఆ పూలు వీటిని నిలబెడతాయి. పైవరసకు తాజా పూలు కావాలంటే బతుకమ్మ ఎత్తుకునే ముందు, అయిదు తర్వాత పందిరి దగ్గరికి వెళ్లి అప్పుడే విచ్చుకుంటున్న వాటిని కొన్ని తెంపవచ్చు. ఇవి ఇంకా పని చేయని పూలు కాబట్టి, ఆ సాయంత్రం ఆడపూలకు పుప్పొడి అద్దుకున్న తర్వాతే, గుత్తుల్లో మూడో వంతుకు మించకుండా తెంపండి. అర్రెం నాడు, అంటే ఆరో రోజు, బతుకమ్మ పేర్చరు కాబట్టి ఆ రోజు తీగను పూర్తిగా వదిలేయండి.

పండుగ రోజుల హడావిడిలో కాయ కోత మరవకండి. పుప్పొడి అద్దిన వారం, పది రోజులకు కాయ కోతకు వస్తుంది, గోరు గుచ్చితే తేలిగ్గా దిగాలి. రెండు మూడు రోజులకోసారి కోయాలి. నాలుగు కాయలు ముదరనిస్తే తీగ గింజ మీదికి తిరిగి కొత్త ఆడపూలు వేయడం తగ్గిస్తుంది.

చివరగా, ఇంట్లో దాచిన గింజలు. బీర మన దేశపు తీగే, దాని అడవి చుట్టం చేదుబీర కంచెల మీద, బీళ్లలో ఇప్పటికీ పాకుతుంది. దగ్గర్లో అది ఉంటే పురుగులు ఆ పుప్పొడిని మీ పువ్వుకు తేగలవు. ఈ ఏటి కాయ రుచి మారదు గానీ, ఆ కాయ గింజ నుంచి వచ్చే తీగ చేదు కాయలు కాయవచ్చు. కాబట్టి ఏ గింజ నుంచి వచ్చిందో ఖాయంగా తెలియని తీగ మొదటి కాయను వండే ముందు చిన్న ముక్క నాలుక కొసకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయను పారేయండి, ఆ తీగ కాయలు కూరకు వాడవద్దు. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మీ గింజలు కిందటేడు కాయవైతే పదింటిని తడిగుడ్డలో కట్టి చూడండి. వారంలో ఏడెనిమిది మొలిస్తే పనికొస్తాయి. నల్లగా, పైన గరుకుగా గుంటలు పడ్డట్టు ఉంటే బీర. నున్నగా, అంచు చుట్టూ సన్నటి రెక్క ఉంటే అది నేతిబీర గింజ.

వచ్చే ఏటికి స్వచ్ఛమైన గింజ కావాలంటే, సెప్టెంబరులో ఒక మంచి ఆడమొగ్గను, ఒక మగమొగ్గను మధ్యాహ్నం మూడింటికే, విచ్చుకోకముందు, వేరువేరుగా గుడ్డ సంచుల్లో కట్టండి. సాయంత్రం విప్పి ఆ మగపువ్వునే అద్ది, ఆడపువ్వుకు మళ్లీ మూడు రోజులు సంచి కట్టి ఉంచండి. ఆ కాయకు ఎర్రదారం కట్టి, తీగ మీదే గోధుమ రంగుకు ఎండి, ఊపితే గలగలమనేదాకా వదలండి. కొసన ఉన్న చిన్న మూత విరిస్తే గింజలు వాటంతటవే రాలతాయి. నీడన వారం ఆరబెట్టి, పొడి బూడిద కలిపి మూత గట్టి డబ్బాలో పెట్టి, పైన రకం పేరు, సంవత్సరం రాసుకోండి.